ఉద్యోగం మానేటప్పుడు ఒక కాగితం రాసి మానండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రికలో ఉద్యోగాల పేజీ నేను వదలకుండా చదువుతాను. నోటిఫికేషన్లు, గ్రూప్-2 మోడల్ ప్రశ్నలు, రెజ్యూమే ఎన్ని పేజీలు ఉండాలి, ఇంటర్వ్యూలో జీతం గురించి అడిగితే ఏం చెప్పాలి, అన్నీ వేస్తారు. ఉద్యోగం ఎలా మానాలో మాత్రం ఒక్క ముక్క నేను చూడలేదు. ఇప్పుడు ఒకే కంపెనీలో చేరి అక్కడే రిటైరయ్యేవాళ్లు ఎంతమంది ఉన్నారు? చేరడం ఎంత మామూలో మానడం కూడా అంతే మామూలైపోయింది. మరి చేరేటప్పుడు చూపించే శ్రద్ధలో పావు వంతు కూడా మానేటప్పుడు ఎవరూ చూపించడం లేదు, దానివల్ల నష్టపోయేది ఎక్కువగా చిన్న జీతాలవాళ్లు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, అయినా వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న కంపెనీలకు, కొన్ని ప్రైవేటు స్కూళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ, జీతాల లెక్కలు చూసే పని చేస్తాను. మా టేబుల్ ముందుకు వచ్చే మాటలు దాదాపు ఒకేలా ఉంటాయి. "మేడం, పాత కంపెనీవాళ్లు నా పీఎఫ్ ఆపేశారు." రాజీనామా ఎప్పుడిచ్చావు బాబూ అంటే, "ఇవ్వలేదు మేడం, మానేశాను." ఎలా మానేశావంటే, దసరాకి ఊరెళ్లి మళ్లీ రాలేదని ఒకరు, సూపర్‌వైజర్‌తో మాటామాటా అనుకుని ఆ సాయంత్రమే టిఫిన్ డబ్బా తీసుకుని వచ్చేశానని ఒకరు, వాట్సాప్‌లో "రేపట్నుంచి రాను" అని పెట్టానని ఇంకొకరు. ఆ ఫోను తర్వాత పాడైపోయి ఉంటుంది, ఆ మెసేజ్ కూడా ఉండదు. కంపెనీ రికార్డులో అతను ఇంకా ఉద్యోగే, లేకపోతే చెప్పకుండా పారిపోయినవాడు. ఆ రెండింటిలో ఏదైనా తలనొప్పే.

పీఎఫ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి ఎక్కడ ఆగిందో కూడా తెలియదు. ప్రతి నెలా మన బేసిక్, డీఏ మీద పన్నెండు శాతం కోస్తారు, యజమాని ఇంకో పన్నెండు శాతం కలుపుతాడు. యజమాని వాటాలోంచి మన జీతంలో 8.33 శాతం, అంటే గరిష్ఠంగా 15,000 జీతం మీద లెక్కేసి 1,250 రూపాయలు, పింఛను ఖాతాకు వెళ్తుంది. ఈ డబ్బు ఎక్కడికీ పోదు, మన యూఏఎన్ (ఎన్ని కంపెనీలు మారినా మారని పీఎఫ్ నెంబరు) మీదే ఉంటుంది. కాకపోతే మనిషి ఉద్యోగం మానేసినట్టు డేట్ ఆఫ్ ఎగ్జిట్ అనే గడి నింపాలి. యజమాని నింపితే సరే. నింపకపోతే పీఎఫ్ డబ్బు మొత్తం తీసుకోవడానికి పెట్టే ఫారం 19 పెట్టడానికే కుదరదు, పాత ఖాతాలోంచి కొత్త ఖాతాకు మార్చుకోవడమూ సాగదు. రాజీనామా కాగితం ఉంటే అందులో ఉన్న ఆఖరి తేదీని మేం కళ్లుమూసుకుని ఎక్కించేస్తాం. అది లేకపోతే యజమాని "వాడు చెప్పకుండా పోయాడు, నేనేం తేదీ వేయను" అంటాడు, ఆయన అనేదాంట్లోనూ తప్పులేదు.

ఉద్యోగి తనంతట తాను ఆ తేదీ వేసుకునే సదుపాయం కొన్నేళ్లుగా ఉంది. యూఏఎన్ పోర్టల్‌లో లాగిన్ అయ్యి, మేనేజ్ కింద మార్క్ ఎగ్జిట్ నొక్కి, ఆధార్‌కి లింకైన ఫోనుకు వచ్చే ఓటీపీ కొడితే అయిపోతుంది, ఆఖరిసారి పీఎఫ్ పడి రెండు నెలలు దాటి ఉండాలి అంతే. ఇక్కడ జాగ్రత్త. నెట్ సెంటర్‌లో కూర్చుని గుర్తున్న తేదీ ఏదో ఒకటి కొట్టేస్తారు, అది ఒక్కోసారి కొత్త కంపెనీలో చేరిన తేదీ తర్వాత పడుతుంది. అంటే ఒకే మనిషి ఒకే రోజు రెండు చోట్ల పనిచేస్తున్నట్టు రికార్డు తయారవుతుంది, ఐటీ కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ముందు వెతికేది దాన్నే. ఒకసారి వేసిన తేదీ సరిచేయించుకోవడానికి మళ్లీ జాయింట్ డిక్లరేషన్ (ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే దిద్దుబాటు దరఖాస్తు) అనీ అదనీ తిరగాలి. ముందు పాస్‌బుక్ తెరిచి ఆఖరి నెల ఏదో చూసుకుని, ఆ నెలలో నిజంగా పనిచేసిన ఆఖరి రోజు వేయండి. పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. ఇక్కడ మూడేళ్లు, అక్కడ నాలుగేళ్లు, ఇంకోచోట మూడేళ్లు చేసినవాళ్లకు అవన్నీ కలిస్తేనే ఆ పదేళ్లు నిండుతాయి. ఇరవై అయిదేళ్ల కుర్రాడికి ఇది ఇప్పుడు పట్టదు, నాకు తెలుసు.

ఇక ఆ కాగితం సంగతి. రాజీనామా అనగానే ఇంగ్లిషులో పెద్ద ఉత్తరం రాయాలని భయపడి చాలామంది మానుకుంటారు. అక్కర్లేదు, తెలుగులో రాసినా చెల్లుతుంది. "మేనేజర్ గారికి, నేను మీ సంస్థలో స్టోర్స్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నాను. ఈ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నా అపాయింట్‌మెంట్ ఆర్డరు ప్రకారం నెల రోజుల నోటీసు ఇస్తున్నాను, కాబట్టి ఫలానా తేదీ నా ఆఖరి పనిరోజు. ఆలోగా నా దగ్గరున్న స్టాకు రిజిస్టరు, తాళాలు మీరు చెప్పినవారికి అప్పగిస్తాను. నాకు రావలసిన జీతం, సెలవుల డబ్బు, రిలీవింగ్ లెటర్ ఇప్పించగలరు." ఇంతే. పైన ఈ రోజు తేదీ, కింద సంతకం. రెండు కాపీలు తీసి ఒకదాని మీద "అందింది" అని సంతకం, తేదీ వేయించుకుని ఇంట్లో పెట్టుకోవాలి. మెయిల్ ఉన్నచోట మెయిల్ చేయండి, మీ సొంత మెయిల్‌కి కూడా ఒక కాపీ పెట్టుకోండి, ఎందుకంటే ఆఖరి రోజు సాయంత్రానికి కంపెనీ మెయిల్ మూసేస్తారు, అందులో ఉన్న మీ రాజీనామా కూడా దాంతోపాటే పోతుంది. మీ కాగితం తీసుకోబోమని మొండికేసే యజమానులుంటారు. వాళ్లకు స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ అయినట్టు రుజువు తీసి పెట్టుకోండి (రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేశారు, పాత పద్ధతిలో రిజిస్టర్డ్ అని అడిగి కౌంటర్ దగ్గర కంగారు పడకండి).

కారణం రాయాలా? నా మట్టుకు నేను వద్దంటాను. తిట్లు అసలే వద్దు. సూపర్‌వైజర్ ఎంత దుర్మార్గుడైనా ఆ సంగతి రాజీనామాలో రాస్తే ఆ కాగితం మీ ఫైల్లో మీ పేరు మీద ఉండిపోతుంది, ఆయనకు వచ్చే నష్టం ఏమీ లేదు. వేధింపులు ఉంటే దానికి వేరుగా ఫిర్యాదు రాయండి. "అమ్మకు ఒంట్లో బాగాలేదు" అని అబద్ధం రాసి మర్నాడు పక్క వీధిలో ఉన్న పోటీ కంపెనీలో చేరడం ఇంకా అన్యాయం, నాలుగు రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది. రాజీనామా చేస్తున్నాను అన్న ఒక్క మాట చాలు.

కోపంలో మాత్రం ఇవ్వకండి. ఇచ్చేసి, తర్వాత మనసు మార్చుకుంటే వెంటనే రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. కొంకణ్ రైల్వే ఉద్యోగి ఒకాయన కేసులో 2024లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, రాజీనామాను ఆమోదించిన సంగతి ఉద్యోగికి తెలియజేయకముందే ఆయన వెనక్కి తీసుకుంటే అది చెల్లుతుందని, ఆఫీసు లోపల ఫైలు మీద రాసుకున్న ఆమోదం సరిపోదని.

నోటీస్ పీరియడ్ గురించి రెండు వైపులా మాట్లాడాలి. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో తొంభై రోజులు మామూలైపోయింది. కొత్త కంపెనీ నెలలో చేరమంటుంది, పాతది మూడు నెలలు వదలనంటుంది, మధ్యలో కుర్రాళ్లకు టెన్షన్. కంపెనీ మనల్ని తీసేయాలంటే ఎంత నోటీసివ్వాలో కూడా చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో వచ్చిన 1988 షాపులు, సంస్థల చట్టంలో 47వ సెక్షన్, వరసగా కనీసం ఆరు నెలలు పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీయకూడదనీ, తీసినా కనీసం నెల రోజుల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలనీ చెబుతుంది. యజమానికి ఒక నెల, ఉద్యోగికి మూడు నెలలు, ఇది నాకు ఏ కోణంలో చూసినా న్యాయంగా కనిపించదు. అయినా అపాయింట్‌మెంట్ ఆర్డరు మీద సంతకం పెట్టి చేరాం కాబట్టి దాన్ని పాటించడమో, మిగిలిన రోజులకు డబ్బు కట్టి బయటపడడమో చేయాలి. ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టి పనిచేయించుకునే హక్కు మాత్రం ఏ యజమానికీ లేదు, ఆయన అడగగలిగింది డబ్బే. ఆ డబ్బు మీద కొన్ని కంపెనీలు 18 శాతం జీఎస్టీ కూడా కోసేవి. నోటీసు సొమ్ము మీద జీఎస్టీ లేదని 2022 ఆగస్టులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చేసింది. మీ సెటిల్‌మెంట్ షీటులో ఆ గీత కనిపిస్తే అడగండి.

బాండ్ల గురించి, అంటే గడువుకు ముందే మానేస్తే ఇంత డబ్బు కడతానని చేరేటప్పుడు రాసిచ్చే కాగితాల గురించి కూడా ఒక మాట. బాండు చెల్లదులే అని హాస్టల్లో ఎవరో చెప్పిన మాట పట్టుకుని వెళ్లిపోయేవాళ్లున్నారు. 2025 మేలో సుప్రీంకోర్టు, మూడేళ్లు నిండకుండా వెళ్లిపోయిన ఒక బ్యాంకు అధికారి కట్టిన రెండు లక్షల బాండు సరైనదేనని తీర్పిచ్చింది. అది ప్రభుత్వరంగ బ్యాంకు, నోటిఫికేషన్ ఇచ్చి పరీక్షలు పెట్టి ఖర్చు చేసి తీసుకున్న పోస్టు. దాన్ని చూపించి ప్రతి చిన్న ట్రైనింగ్ కంపెనీ ఐదు లక్షలు కట్టమంటే కుదరదు గానీ, సంతకం పెట్టేముందు చదవాలన్నది మాత్రం అందరికీ వర్తిస్తుంది.

ఇప్పుడు యజమానుల వైపు నుంచి నేను కళ్లారా చూసే బాధ ఒకటి చెప్తాను. చిన్న కంపెనీల్లో అకౌంటెంటే సర్వం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేసినరోజు యజమాని ఊళ్లో లేడని అకౌంటెంట్ తన ఫోన్ నెంబరు, తన మెయిల్ ఇచ్చేస్తాడు. తర్వాత మూడేళ్లు బాగానే నడుస్తుంది. ఒకరోజు జీతం పెంచలేదని మానేసి ఫోన్ ఎత్తడు. నెల 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ అనే జీఎస్టీ రిటర్నులు వేయాలి, ఓటీపీ అతని ఫోనుకు పోతుంది. టాలీ పాస్‌వర్డ్ అతనికే తెలుసు. యజమాని డిజిటల్ సంతకం ఉండే పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్ అతని టేబుల్ సొరుగులోనో, అతని ఇంట్లోనో ఉంటుంది. రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, పైన వడ్డీ, వీళ్ల దగ్గర సరుకు కొన్నవాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి తగ్గింపు) రాక వాళ్ల ఫోన్లు. ఆ కంపెనీలో పనిచేసే ఇరవై మందికి జీతాలు ఆలస్యం, అంటే అతని పక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్లకే. యజమాని మీద కోపం న్యాయమైనదే అనుకుందాం, ఆ దెబ్బ తగిలింది మాత్రం వాళ్లకు. మానే ముందు ఒక పూట కూర్చుని పోర్టల్‌లో నెంబరు మార్చేసి, లాగిన్లు, పాస్‌వర్డులు, ఎవరికి ఎంత బాకీ, ఎవరి నుంచి ఎంత రావాలి, ఏ నోటీసుకు జవాబు ఎప్పటిలోగా ఇవ్వాలి అన్నది ఒక కాగితం మీద రాసి ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోవాలి. ఆ సంతకం ఉద్యోగికే రక్ష. రేపు ఏదైనా లెక్క తేడా వస్తే "నేను అప్పగించాను" అని చూపించుకోవచ్చు.

స్కూళ్లలో ఇంకా కష్టం. జనవరిలో సంక్రాంతి సెలవుల తర్వాత ఫిజిక్స్ సార్ రాడు, మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు. ఆయనకు తక్కువ జీతమిచ్చారు, అదీ రెండు నెలలకోసారి ఇచ్చారు, నేనే ఆ లెక్కలు చూశాను, ఆయన వెళ్లడాన్ని నేను తప్పుపట్టను. కానీ ఏ పాఠాలయ్యాయో, ఫార్మేటివ్ మార్కులు ఎక్కడున్నాయో, ప్రాజెక్టు రికార్డులు ఎవరివి దిద్దారో, వెనకబడిన పిల్లలెవరో, ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసి తర్వాత వచ్చేవాళ్ల చేతిలో పెట్టి వెళ్లిన టీచరమ్మలు కూడా ఉన్నారు. అలాంటి నోటుబుక్కు ఒకటి నేను చూశాను. ఒక్కో పిల్లవాడి పేరు ఎదురుగా "భిన్నాలు రావు", "అడిగితే చెప్తాడు, చెయ్యి ఎత్తడు" అని రాసి ఉంది. "నాకు స్కూలు బాకీ పెట్టింది, పిల్లలు ఏమీ బాకీ పెట్టలేదు కదా" అన్నారు అది రాసిన ఆవిడ.

అయితే ఇదంతా ఉద్యోగి బాధ్యత మాత్రమే అని రాస్తే నేను అబద్ధం రాసినట్టే. ప్రైవేటు కాలేజీల్లో, స్కూళ్లలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకుంటారు. మానతానంటే "ఏడాది చివరిదాకా ఉండు, లేకపోతే మూడు నెలల జీతం కట్టి తీసుకుపో" అంటారు. పదో తరగతి మెమో దగ్గర్నుంచి పీజీ వరకు అన్నీ వాళ్ల దగ్గర, ఇంకోచోట ఇంటర్వ్యూకి చూపించడానికి ఏమీ ఉండదు. ఆ మనిషి రాజీనామా చేయకుండా మాయమవడానికి ఒక కారణం ఇదే, చెప్తే సర్టిఫికెట్లు ఇవ్వరన్న భయం. చదువు సర్టిఫికెట్ చదువుకున్నవాడిది. జీతం ఇచ్చినంత మాత్రాన దాన్ని తాకట్టు వస్తువులా పెట్టుకునే హక్కు యజమానికి లేదు. చేరేటప్పుడు చూపించి, జిరాక్సులిచ్చి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. ఇవ్వక తప్పదంటే ఏమేం ఇచ్చారో పేరుపేరునా రాసి రసీదు తీసుకోండి. రసీదు ఉంటే లీగల్ నోటీసుకైనా, పోలీసు ఫిర్యాదుకైనా ఆధారం ఉంటుంది. సార్, మీ పత్రికకు జిల్లా జిల్లాకూ విలేకరులున్నారు. ఏ కాలేజీ బీరువాలో ఎన్ని సర్టిఫికెట్లున్నాయో వాళ్లు అడిగితే సమాధానం వస్తుంది, మేం అడిగితే రాదు.

ఇంకో ఘోరం, రాజీనామా రాయించుకోవడం. ఐటీలోనూ ఉంది, షాపింగ్ మాల్స్‌లోనూ ఉంది. మనిషిని గదిలోకి పిలిచి "నువ్వే రాజీనామా చేసినట్టు రాసిస్తే మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం, లేకపోతే టెర్మినేట్ అని వేస్తాం, ఎక్కడా ఉద్యోగం రాదు" అని అప్పటికప్పుడు సంతకం పెట్టించుకుంటారు. కడుపుతో ఉన్న ఆడవాళ్లకు ఇది మరీ ఎక్కువ. ప్రసవానికి ముందు పన్నెండు నెలల్లో ఎనభై రోజులు పనిచేసి ఉంటే 26 వారాల జీతంతో కూడిన సెలవు ఆమె హక్కు, మొదటి ఇద్దరు పిల్లల వరకు. "సొంత కారణాల వల్ల" అని రాసి సంతకం పెట్టిన క్షణంలో ఆ 26 వారాలూ పోయాయి. యజమాని తీసేస్తే నెల నోటీసో, జీతమో, చట్టం వర్తించేవాళ్లకు ఏడాదికి పదిహేను రోజుల చొప్పున పరిహారమో రావాలి. మనమే రాజీనామా చేస్తే అవి అడగలేం. అందుకని ఇంట్లో ఆలోచించుకుని రేపు చెప్తానని బయటికి వచ్చేయండి, ఆ గదిలో కూర్చుని మాత్రం సంతకం పెట్టొద్దు. అప్పటికే బలవంతంగా పెట్టించి ఉంటే అదే రోజు రాత్రి మెయిల్ పెట్టండి, ఎవరు పిలిచారు, ఏమన్నారు, ఎలా సంతకం చేయించారు అని. లేబర్ ఆఫీసులో అదే మీకు అక్కరకొస్తుంది.

డబ్బు దగ్గరికి వద్దాం. ఫుల్ అండ్ ఫైనల్ (మానేటప్పుడు తేల్చే ఆఖరి లెక్క) అంటే నలభై అయిదు రోజులు, అరవై రోజులు అని హెచ్ఆర్ వాళ్లు చెప్పడం, మనం తలూపడం అలవాటైపోయింది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్లు (కేంద్రం తెచ్చిన కొత్త కార్మిక చట్టాలు) అమల్లోకి వచ్చాయి. అందులో వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగికి కూడా రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. ఈ సంగతి కార్మికులకు సరే, మా యజమానుల్లో కూడా ఎక్కువమందికి తెలియదు. గ్రాట్యుటీకి, అంటే చాలాకాలం పనిచేసినందుకు మానేటప్పుడు యజమాని ఇచ్చే సొమ్ముకు, ముప్పై రోజుల గడువు వేరే ఉంది. అది ఐదేళ్లు నిండినవాళ్లకు, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కేసి ఇస్తారు. ఆఖరి బేసిక్ 20,000 ఉంటే ఐదేళ్లకు 57,692 రూపాయలు. ఐదో ఏడు నడుస్తుండగా, ఇంకొన్ని నెలలు ఆగితే వచ్చే ఈ డబ్బు సంగతి తెలియక, నెలకు వెయ్యి రూపాయలు ఎక్కువని ఇంకో షెడ్డుకు వెళ్లిపోయే మెషిన్ ఆపరేటర్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నాలుగేళ్ల మీద 240 రోజులు చేసినా ఇవ్వాలని మద్రాసు హైకోర్టు తీర్పు ఉంది, దాన్ని పట్టుకుని అడగొచ్చు, కానీ యజమాని కాదంటే పోరాడాలి. ఇప్పుడు కొత్త కోడ్ల ప్రకారం ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంతకాలానికే అని రాసుకున్న) కాంట్రాక్టులో ఉన్నవాళ్లకు ఏడాది చేసినా లెక్కకట్టి ఇవ్వాలి. రాజీనామాలో ఆఖరి తేదీ రాసేముందు మీరు చేరిన తేదీ ఒకసారి చూసుకోండి, ఒక్కోసారి వారం జరిపితే చాలు.

ఇన్సూరెన్స్ కూడా అంతే. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది, భార్య కాన్పో, నాన్నకు మోకాలి ఆపరేషనో దగ్గర్లో ఉంటే తేదీ చూసుకోవాలి, మానే ముందే ఆ బీమా కంపెనీని అడిగి సొంత పాలసీకి మారే దారి చూసుకోవాలి. మార్చి లోపు కంపెనీ మారినవాళ్లు పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వండి. లేకపోతే ఇద్దరూ విడివిడిగా మినహాయింపులిచ్చి తక్కువ పన్ను కోస్తారు, జులైలో రిటర్ను వేసేటప్పుడు ఒకేసారి కట్టాల్సి వస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగులకు వేరే ప్రమాదం ఉంది. కేంద్ర ప్రభుత్వ పింఛను నిబంధనల్లో మామూలు రాజీనామా చేస్తే అంతవరకు చేసిన సర్వీసంతా పోయినట్టే. అనుమతి తీసుకుని, పై అధికారుల ద్వారా దరఖాస్తు పెట్టి, ఇంకో ప్రభుత్వ ఉద్యోగంలోకి వెళ్తూ చేసే టెక్నికల్ రిజిగ్నేషన్‌కు ఆ నష్టం లేదు. అందుకని ఇంకో ఉద్యోగం వచ్చిందన్న సంతోషంలో రెండు ముక్కలు రాసిచ్చి వచ్చేయకుండా, ఎందుకు రాజీనామా చేస్తున్నారో అందులో స్పష్టంగా రాయాలి. కారణం రాయొద్దని పైన నేను చెప్పింది ప్రైవేటువాళ్లకు, ఇక్కడ మాత్రం రాసి తీరాలి.

గల్ఫ్ మాట ఎత్తకుండా తెలంగాణలో ఈ విషయం రాయలేం. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి వెళ్లినవాళ్లు అక్కడ చెప్పకుండా పని వదిలేస్తే జీతం పోవడంతో ఆగదు. సౌదీలో పనివాడు పారిపోయాడని యజమాని ఫిర్యాదు రాసిస్తే (దాన్నే హురూబ్ అంటారు) ఇఖామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, పనిచేయదు, ఇంటికి రావడానికి కూడా కష్టం. దుబాయ్ వైపు కొత్త చట్టంలో ముప్పై నుంచి తొంభై రోజుల నోటీసు ఉంది. ఏడాది దాటితే రాజీనామా చేసినా గ్రాట్యుటీ వస్తుంది, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున, లెక్క పద్నాలుగు రోజుల్లో తేల్చాలి. ఈ సంగతి క్యాంపుల్లో ఉన్నవాళ్లకు చేరితే క్యాంపు గోడ దూకి వేరేచోట దొంగచాటుగా పనిచేసేవాళ్లు తగ్గుతారని నా నమ్మకం. అమెరికాలో హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న మన పిల్లలకు ఉద్యోగం ఆగిన రోజు నుంచి అరవై రోజులే గడువు, అక్కడ ఆఖరి తేదీ అంటే వీసా తేదీ అన్నట్టే.

సంపాదకుడు గారూ, నా విన్నపం ఇది. ఉద్యోగాల పేజీలో నెలకోసారి అర పేజీ ఉద్యోగం మానేవాళ్లకు ఇవ్వండి. నేను పైన రాసిన నాలుగు ముక్కల ఉత్తరాన్ని మీకు తోచినట్టు సరిదిద్ది, కత్తిరించి దాచుకునేలా అచ్చువేయండి. రెండు పనిదినాల్లో జీతం ఇవ్వాలన్న నిబంధన మన రెండు రాష్ట్రాల్లో ఎవరు అమలుచేయిస్తున్నారో, ఇవ్వకపోతే ఏ ఆఫీసుకు వెళ్లాలో కార్మిక శాఖవాళ్లను అడిగి వేయండి. ప్రతి నెలా 27న పీఎఫ్ ఆఫీసువాళ్లు జిల్లాల్లో నిధి ఆప్కే నికట్ అని శిబిరం పెడతారు, ఎగ్జిట్ తేదీ పడనివాళ్లు, ట్రాన్స్‌ఫర్ ఆగిపోయినవాళ్లు అక్కడికి వెళ్లి నేరుగా అడగొచ్చు. అది ఎక్కడ జరుగుతుందో ముందురోజు జిల్లా ఎడిషన్‌లో రెండు లైన్లు వేస్తే మా టేబుల్ దగ్గరికి వచ్చేవాళ్లందరినీ నేను అక్కడికే పంపిస్తాను.

ఇట్లు,
పీఎఫ్, జీతాల లెక్కలు చూసే ఒక పాఠకురాలు,
బాలానగర్, హైదరాబాద్.